క్వేకర్లు మొదట్లో ఇంత నెమ్మదస్తులు కారు

క్వేకర్లంటే ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. వాళ్ళ పుట్టుక గురించి ఎవరు రాసినా జార్జ్ ఫాక్స్ అనే చెప్పులు కుట్టే కుర్రాడితో మొదలుపెట్టి, అతనికి ఒకరోజు లోపలి నుంచి ఒక మాట వినిపించిందని, దాంతో ఒక మతశాఖ పుట్టిందని తేల్చేస్తారు. కథగా బాగానే ఉంటుంది. కానీ 1640ల ఇంగ్లండ్‌లో లోపలి నుంచి మాటలు వినిపించినవాళ్ళకేం కొదవలేదు. వాళ్ళలో చాలామంది పేరు కూడా ఇవాళ ఎవరికీ గుర్తులేదు. మరి అందరూ కొట్టుకుపోయి వీళ్ళే ఎలా మిగిలారు? ఆ సంగతి తవ్వుతూ పోతే క్వేకర్లు రెండుసార్లు పుట్టారనిపిస్తుంది. 1652లో ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో గోలగోలగా ఒకసారి, 1660ల్లో జైళ్ళకీ కమిటీలకీ మధ్య నలుగుతూ ఇంకోసారి. మౌనంగా కూర్చుని ప్రార్థన చేస్తారు, యుద్ధం వద్దంటారు అని మనం వినే క్వేకర్లు ఆ రెండో కాన్పులో పుట్టినవాళ్ళు.

ముందు ఆ దేశం అప్పుడెలా ఉందో చూడాలి. 1642లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది, 1649 జనవరి 30న మొదటి చార్లెస్ తల తీసేశారు. మధ్యలో బిషప్పుల పదవులే రద్దయ్యాయి, అచ్చు మీద ఉన్న అదుపు కూలిపోయింది, ఎవడికి తోచింది వాడు కరపత్రం వేసి పంచాడు. అందరికీ సమాన హక్కులన్న లెవెలర్లు, బంజరు భూములు దున్నుకుని ఉమ్మడిగా బతుకుదామన్న డిగ్గర్లు, పాపం అనేదే లేదన్న రాంటర్లు, రేపో మాపో క్రీస్తు రాజ్యం దిగుతుంది కత్తులు పట్టండన్న ఐదో రాజ్యం వాళ్ళు. వీళ్ళు కాక సీకర్లని ఒక రకం ఉండేవాళ్ళు, పేరుకు తగ్గట్టు వెతుక్కునేవాళ్ళు. ఉన్న చర్చిలు ఏవీ అసలైనవి కావు, అసలైంది వచ్చేదాకా కాచుకుందాం అని పాదిరీలు లేకుండా, ఒక్కోసారి నోరు కూడా మెదపకుండా కూడికల్లో కూర్చునేవాళ్ళు. మౌనంగా కూర్చోవడం ఫాక్స్ కనిపెట్టాడని చాలామంది అనుకుంటారు గానీ, అతను ఉత్తరానికి వెళ్ళేసరికే అక్కడ ఆ అలవాటు ఉంది.

దీంతోపాటు చేను దగ్గర తేలాల్సిన గొడవ ఒకటి ఉంది. దశమభాగం అంటే ఇవాళ మన చర్చిల్లో విశ్వాసి తనంతట తాను ఇచ్చేది. అప్పటి ఇంగ్లండ్‌లో అది చట్టం. పంటలో పదో పన, గొర్రెపిల్లల్లో పదోది, ఉన్నిలో పదో వంతు ఊరి చర్చికి పోవాల్సిందే, ఇవ్వకపోతే కోర్టు, ఆపైన జప్తు. అంతకన్నా ఒళ్ళు మండే సంగతేమిటంటే, వందేళ్ళ కిందట ఎనిమిదో హెన్రీ మఠాలు మూసేసినప్పుడు చాలా ఊళ్ళలో ఈ వసూలు హక్కు భూస్వాముల చేతికి పోయింది. అంటే దేవుడి పేరు చెప్పి తీసుకున్న ధాన్యం దొరగారి గాదెలోకి చేరేది. ఉత్తరాన చర్చి పారిష్‌లు, అంటే ఒక్కో చర్చి కిందికొచ్చే ప్రాంతాలు, మరీ పెద్దవి, పాదిరీ మొహం ఏడాదికోసారి కనిపించినా గొప్పే, కానీ వసూలు మాత్రం తప్పదు. డబ్బు తీసుకుని వాక్యం చెప్పేవాడు కిరాయివాడు అని ఫాక్స్ అన్నప్పుడు ఆ రైతులకు అది వేదాంతంలా వినిపించి ఉండదు.

ఇక ఫాక్స్. 1624లో లెస్టర్‌షైర్‌లో, ఇప్పుడు ఫెన్నీ డ్రేటన్ అని పిలిచే ఊళ్ళో పుట్టాడు. తండ్రి సాలె, ఊళ్ళో ఆయన్ని ధర్మాత్ముడు క్రిస్టర్ అనేవారు. కొడుకును ఒక చెప్పుల వ్యాపారి దగ్గర పనికి పెట్టారు, ఆ యజమానికే గొర్రెల బేరం, ఉన్ని బేరం కూడా ఉండేవి. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక సంతలో చుట్టం ఒకడు, అతని స్నేహితుడు కలిసి ఫాక్స్‌ని బీరు తాగుదాం రమ్మన్నారు. ఇద్దరూ భక్తిపరులమని చెప్పుకునేవాళ్ళే. దాహానికి ఒక గ్లాసు అయ్యాక, ఇప్పుడు పందెం, ఎవడు ఆపేస్తే డబ్బులు వాడే కట్టాలి అన్నారు. ఫాక్స్ జేబులోంచి నాలుగు పెన్నీల నాణెం తీసి బల్ల మీద పెట్టి, అలాగైతే నేను పోతున్నా అని లేచి వచ్చేశాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. చూడటానికి చిన్న విషయమే, కానీ నోటితో ఒకటి చెప్పి చేత్తో ఇంకోటి చేసేవాళ్ళంటే అతనికి ఒంటికి పడదు, ఆ గుణం చివరిదాకా పోలేదు. 1643లో ఇల్లు వదిలేశాడు.

తర్వాత మూడు నాలుగేళ్ళు పాదిరీల చుట్టూ తిరిగాడు, నా మనసు బాగోలేదు ఏం చెయ్యమంటారు అని. ఇవాళైతే డిప్రెషన్ అంటారేమో. ఒకాయన పొగాకు పీల్చు, కీర్తనలు పాడుకో అన్నాడు. పొగాకు నాకు గిట్టదు, పాడే స్థితిలో నేను లేను అని ఫాక్స్ రాసుకున్నాడు. ఇంకొకాయనతో తోటలో నడుస్తూ మాట్లాడుతుంటే కాలు పొరపాటున పూలమడిలో పడింది, అంతే, కొంప అంటుకున్నట్టు ఆయన అరిచేశాడట. మూడో ఆయన ఏదో మందిచ్చి, రక్తం తీయిస్తే తగ్గుతుందన్నాడు. తల నుంచీ చేతుల నుంచీ తీయబోతే చుక్క రక్తం కూడా రాలేదు, మనిషి దిగులుతో అంతగా ఎండిపోయాడు. వీళ్ళందరి మీదా ఆశ వదిలేశాక, 1647లో, నీ పరిస్థితికి సరిపడా మాట్లాడగలవాడు క్రీస్తు ఒక్కడే అన్న మాట లోపల వినిపించిందని రాశాడు. అక్కడి నుంచి అతను చెప్పిందల్లా దాదాపు ఒక్కటే. ప్రతి మనిషి లోపలా ఆ వెలుగు ఉంది, మధ్యవర్తి అక్కర్లేదు, ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో చదివినంత మాత్రాన ఎవడూ దేవుడి సేవకుడైపోడు. ఆ ఏళ్ళలోనే ఎలిజబెత్ హూటన్ అనే నాటింగ్‌హామ్‌షైర్ ఆవిడ అతనితో కలిసింది. నడివయసు మనిషి, పెళ్ళైంది, పిల్లలున్నారు, బాప్టిస్టుల్లో అప్పటికే వాక్యం చెప్పే అలవాటుంది. క్వేకర్లలో మొదటి బోధకురాలు ఆవిడే. ఫాక్స్ ఆమెకు నేర్పిందెంతో, ఆమె దగ్గర నేర్చుకుందెంతో తేల్చి చెప్పడం కష్టం.

చర్చిలో పాదిరీ ప్రసంగం చేస్తుంటే మధ్యలో లేచి ఎదురు మాట్లాడటం ఫాక్స్ పద్ధతి. చర్చి అనడు, గోపురం ఇల్లు అంటాడు. 1649లో నాటింగ్‌హామ్‌లో అలా చేసి మొదటిసారి జైలుకు వెళ్ళాడు. 1650లో డర్బీలో దైవదూషణ కేసు పెట్టారు. దేవుడి మాటకు వణకండి అని ఇతను అంటే, జెర్వేస్ బెన్నెట్ అనే మేజిస్ట్రేట్ వెటకారంగా, ఓహో మీరు వణికేవాళ్ళా అన్నాడట. క్వేకర్ అన్న పేరు అలా తగులుకుంది. వాళ్ళు మాత్రం తమను స్నేహితులు అనే పిలుచుకున్నారు, ఇప్పటికీ అధికారిక పేరు అదే. ఆ జైల్లో ఉండగానే, పార్లమెంటు సైన్యంలో కెప్టెన్‌గా చేరతావా వదిలేస్తాం అని అడిగితే, యుద్ధాలకు కారణమే లేకుండా చేసే జీవితంలో నేనున్నాను అని కాదన్నాడు. దాంతో ముప్పైమంది నేరస్తులున్న కొట్లో పడేశారు.

ఇంత జరిగినా 1652 దాకా అతని వెనక ఉన్నది చెల్లాచెదురు జనం. ఆ ఏడాది వేసవిలో లాంకషైర్‌లోని పెండిల్ కొండెక్కి, ఒక పెద్ద జనసమూహం కూడబోతున్నట్టు చూశానన్నాడు. కొన్నాళ్ళకే జూన్ 13న ఫర్‌బాంక్ గుట్ట మీద ఒక చిన్న ప్రార్థనా మందిరం దగ్గరికి వెళ్ళాడు. లోపల ఫ్రాన్సిస్ హౌగిల్, జాన్ ఆడ్‌లాండ్ అనే సీకర్ల బోధకులు పొద్దున్న వాక్యం చెప్పారు. ఫాక్స్ లోపలికి పోలేదు. మధ్యాహ్నం బయట బండ మీద కూర్చుని మూడు గంటలు మాట్లాడాడు. వెయ్యిమందికి పైగా విన్నారని రాసుకున్నాడు. లోపలికి రావచ్చు కదా అని పెద్దవాళ్ళు అడిగితే, ఆ ఇల్లు ఈ కొండకన్నా పవిత్రమైందేం కాదన్నాడు. ఆ రోజు హౌగిల్, ఆడ్‌లాండ్ ఇద్దరూ అతనితో కలిసిపోయారు. వాళ్ళ వెనక ఆ చుట్టుపక్కల ఊళ్ళ సీకర్లంతా వచ్చేశారు. ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్న జనం, సిద్ధంగా ఉన్న కూడికలు, అలవాటైన బోధకులు, అన్నీ ఒక్క వారంలో దొరికాయి. ఒక మనిషి ఒక మతాన్ని స్థాపించడం కన్నా ఇది రెండు వాగులు కలవడంలా ఉంటుంది.

ఆ నెలాఖరుకు ఉల్వర్‌స్టన్ దగ్గర స్వార్త్‌మోర్ హాల్‌కి చేరాడు. జడ్జి థామస్ ఫెల్ ఇల్లు అది. ఆయన కోర్టు పనిమీద ఊళ్ళు తిరుగుతున్నాడు, ఇంట్లో భార్య మార్గరెట్ ఉంది, ముప్పై ఎనిమిదేళ్ళు. మర్నాడో ఆ మర్నాడో చర్చిలో ఫాక్స్ లేచి, క్రీస్తు ఇలా అన్నాడంటారు, అపొస్తలులు ఇలా అన్నారంటారు, సరే, నువ్వేం చెప్పగలవు అని అడిగాడు. మార్గరెట్ తన కుర్చీలోంచి లేచి నిలబడి విని, మళ్ళీ కూలబడి ఏడ్చింది. మనమంతా దొంగలం, లేఖనాలను మాటలుగా ఎత్తుకొచ్చుకున్నాం, లోపల మనకేమీ తెలియదు అని ఆవిడే తర్వాత రాసుకుంది. జడ్జిగారు తిరిగొస్తుంటే ఊరి పెద్దలు దారిలోనే ఎదురెళ్ళి, అయ్యా మీ ఇల్లాలికి ఎవడో మందుపెట్టాడని చాడీలు చెప్పారు. ఆయన కోపంగానే వచ్చాడు, ఫాక్స్‌తో మాట్లాడాడు, చల్లబడ్డాడు. క్వేకర్ మాత్రం కాలేదు. కానీ కూడికలు తన ఇంట్లో పెట్టుకోమన్నాడు, పక్క గదిలో తలుపు తెరిచిపెట్టి కూర్చుని వినేవాడట, 1658లో పోయేదాకా. జిల్లాలో పేరున్న జడ్జి ఇంట్లో కూడికలు జరుగుతుంటే వాటి జోలికెళ్ళడానికి ఎవడికైనా గుండె కావాలి కదా. ఆ తొలి ఆరేళ్ళూ ఈ రక్షణ లేకపోతే ఏమయ్యేదో.

మార్గరెట్ చేసిన పనికి రావాల్సినంత పేరు రాలేదు. ఊళ్ళు తిరిగే బోధకుల ఉత్తరాలన్నీ ఆమెకే వచ్చేవి, ఒకరి కబురు ఇంకొకరికి ఆమే పంపేది. 1654లో కెండల్ ఊళ్ళో ఒక నిధి పెట్టించింది. దాంట్లోంచి బోధకుల చెప్పులకీ బట్టలకీ జైల్లో ఉన్నవాళ్ళ ఖర్చులకీ ఇచ్చి లెక్కలు రాసేవారు. ఆ ఏడాదే అరవైమందికి పైగా ఉత్తరాది రైతులు, పనివాళ్ళు, ఆడవాళ్ళు జంటలు జంటలుగా దక్షిణానికి బయల్దేరారు. లండన్‌కి హౌగిల్, ఇరవై ఏళ్ళ ఎడ్వర్డ్ బరో. బ్రిస్టల్‌కి ఆడ్‌లాండ్, జాన్ కామ్. ఆవేశం అందరి దగ్గరా ఉండేది, ఉత్తరాలూ లెక్కలూ ఇంత జాగ్రత్తగా దాచినవాళ్ళు మాత్రం ఆ గుంపుల్లో వీళ్ళే కనిపిస్తారు.

అప్పటి క్వేకర్‌ని ఎదురుగా చూస్తే ఎవరికైనా టెన్షన్ వచ్చేది. చర్చిలో ప్రసంగం ఆపేస్తాడు. కోర్టులో ప్రమాణం చెయ్యనంటాడు. ఎంత పెద్దమనిషి ఎదురైనా టోపీ తీయడు. అందరినీ, జడ్జినైనా తండ్రినైనా, నువ్వు అనే పిలుస్తాడు. మన భాషలో మీరు, నువ్వు తేడా ఇంకా బతికే ఉంది కాబట్టి కలెక్టరును పట్టుకుని నువ్వు అంటే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. థామస్ ఎల్‌వుడ్ అనే కుర్రాడు తండ్రి ముందు టోపీ తీయకపోతే, ఆయన చెంపలు వాయించి టోపీ లాక్కున్నాడు. ఇంకోటి పెట్టుకొస్తే అదీ లాక్కున్నాడు. అలా ఉన్న టోపీలన్నీ పోయాయి. కొంతమందైతే దేశం సిగ్గు విడిచిందని చెప్పడానికి గుర్తుగా నడివీధిలో బట్టల్లేకుండా నడిచారు.

ఈ ఊపు 1656లో పెద్ద దెబ్బ తింది. జేమ్స్ నేలర్ యార్క్‌షైర్ రైతు, పార్లమెంటు సైన్యంలో పనిచేశాడు, మాటకారితనంలో ఫాక్స్ కన్నా ఒక మెట్టు పైనే అని చాలామంది అనేవారు. ఇద్దరికీ అప్పటికే చెడింది. ఎక్సెటర్‌లో రాజీకి గుర్తుగా నేలర్ ముద్దుపెట్టుకోబోతే ఫాక్స్ పాదం చాపాడు. పెద్దమనసు చూపాల్సిన చోట ఆ పని ఎందుకు చేశాడో గానీ, అతని జీవితంలో చదవడానికి ఇబ్బందిగా ఉండే ఘట్టం అదే. అక్టోబరులో వాన, మోకాలి లోతు బురద, క్రీస్తు యెరూషలేములోకి వచ్చినట్టు గుర్రం మీద నేలర్ బ్రిస్టల్‌లోకి వచ్చాడు, చుట్టూ ఆడవాళ్ళూ మగవాళ్ళూ పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అని పాడుతూ. క్రీస్తు అందరిలోనూ ఉన్నాడని గుర్తుగా చేశానన్నది అతని వాదన. పార్లమెంటు వేరే పనులన్నీ ఆపి రోజుల తరబడి దీన్నే చర్చించింది. మరణశిక్ష వేయాలన్న ప్రతిపాదన 96-82తో వీగిపోయింది. బదులుగా కొరడా దెబ్బలు, నుదుటి మీద దైవదూషకుడని వాత, కాల్చిన ఇనుముతో నాలుకకు చిల్లు, ఆపైన జైలు. 1659లో వదిలితే, మరుసటి ఏడాది ఇంటికి నడిచి వెళ్తుండగా దారిలో దొంగలు కొట్టి పడేశారు, కోలుకోలేదు.

నేలర్ సంగతితో క్వేకర్లు ఇరకాటంలో పడ్డారు. ప్రతివాడి లోపలా దేవుడే మాట్లాడుతుంటే, నీకు వినిపించింది తప్పు అని చెప్పే హక్కు ఎవరికుంది? 1656లోనే బాల్బీ అనే ఊళ్ళో పెద్దలు కూడి పెళ్ళిళ్ళకీ, పేదలకీ, తప్పు చేసినవాళ్ళ విషయంలో పాటించాల్సిన పద్ధతులకీ సలహాలు రాశారు. రాసి, ఇవి నియమాలు కావు సుమా, అక్షరం చంపుతుంది, ఆత్మ బతికిస్తుంది అని చివర చేర్చారు. నియమాలు కావంటూ నియమాలు రాయడం ఆ రోజు మొదలైంది.

తర్వాత రాజరికం తిరిగొచ్చింది. 1660లో తల తీసేసిన చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ గద్దెనెక్కాడు, 1661 జనవరిలో ఐదో రాజ్యం వాళ్ళు లండన్‌లో కత్తులు దూశారు. నాలుగు రోజుల్లో అణిచేశారు గానీ, ఆ దెబ్బకు దేశమంతటా క్వేకర్లను కూడా ఊడ్చి వేలమందిని జైళ్ళలో తోశారు. అప్పుడు ఫాక్స్, మరో పదకొండుమంది సంతకాలతో రాజుకు ఒక ప్రకటన ఇచ్చారు. బయటి ఆయుధాలతో చేసే యుద్ధాలన్నిటినీ, అది ఏ సాకుతో చేసినా సరే, పూర్తిగా నిరాకరిస్తున్నాం అని. క్వేకర్ల శాంతి సాక్ష్యం అని ఇవాళ చెప్పుకునేది ఇదే. ఫాక్స్ 1651లోనే సైన్యం వద్దన్న మాట నిజం. కానీ 1650ల్లో సైన్యంలో క్వేకర్లు ఉన్నారు, కొందరిని పై అధికారులే తీసేశారు తప్ప వాళ్ళంతట వాళ్ళు మానలేదు. అందరికీ కలిపి ఒక కట్టుబాటుగా ఇది వచ్చింది 1661లో, ప్రాణభయం మధ్య. భయంలో అన్నారు కాబట్టి మనసులోంచి రాలేదనడం కూడా అన్యాయం. ఆ తర్వాత ఇళ్ళు దోచినా ఎదురు చెయ్యి ఎత్తకుండా దాన్ని నిలబెట్టుకున్నారు.

సముద్రం అవతల అమెరికాలో, ఇంగ్లండ్ వలస రాజ్యంలోని బోస్టన్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. 1656లో మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు ఓడ దిగగానే మంత్రగత్తెల గుర్తులున్నాయేమోనని ఒళ్ళంతా వెతికి, పుస్తకాలు తగలబెట్టి, ఐదు వారాలు చీకటి గదిలో ఉంచి వెనక్కి పంపారు. 1659లో వేరే ఇద్దరు క్వేకర్లను ఉరి తీశారు. మెడకు తాడు పడ్డాక వదిలేసిన మేరీ డయర్ మళ్ళీ వచ్చింది, 1660 జూన్ 1న ఆమెనూ తీశారు. మరుసటి ఏడాది విలియం లెడ్రా. అప్పుడు ఎడ్వర్డ్ బరో రాజు దగ్గరికి వెళ్ళి, మీ రాజ్యంలో నిరపరాధుల రక్తనాళం ఒకటి తెగింది అంటే, దాన్ని నేను కడతాను అని చార్లెస్ ఆ ఉరితీతలు ఆపమని ఆర్డరు రాసిచ్చాడు. అది తీసుకెళ్ళింది శామ్యూల్ షాటక్, అదే వలస రాజ్యం తిరిగొస్తే చంపుతామని వెళ్ళగొట్టిన క్వేకర్. ఆ పంపడంలో రాజుగారి చిలిపితనం ఎంతోకొంత ఉందనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో మాత్రం ఆ రాజు పాలనలోనే ప్రమాణం చెయ్యనివాళ్ళను శిక్షించే 1662 క్వేకర్ చట్టం, 1664లో, 1670లో కూడికలను నిషేధించే చట్టాలు వచ్చాయి. నాలుగు వందలమందికి పైగా జైళ్ళలోనే పోయారు. బరో ముప్పై దాటకుండానే న్యూగేట్ జైల్లో పోయాడు, హౌగిల్ యాపిల్‌బీ జైల్లో పోయాడు. పెద్దవాళ్ళందరినీ పట్టుకుపోతే రెడింగ్‌లో, బ్రిస్టల్‌లో పిల్లలే కూడిక జరిపారు. 1670లో కూడిక ఇంటికి తాళం వేస్తే విలియం పెన్ అనే క్వేకర్ వీధిలోనే మాట్లాడి బోనెక్కాడు. జ్యూరీ అతన్ని దోషి అనలేదు. తిండీ నీళ్ళూ లేకుండా రెండు రాత్రులు బంధించినా మాట మార్చలేదు. వాళ్ళలో ఎడ్వర్డ్ బుషెల్ ఆ తీర్పుకు తమ మీద వేసిన జుర్మానా కట్టనని కోర్టుకెక్కి గెలిచాడు, తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదన్న సూత్రం అక్కడ స్థిరపడింది.

1666లో స్కార్‌బరో కోట జైలు నుంచి ఫాక్స్ బయటికొచ్చాడు. తడిసి, చలికి కీళ్ళు పట్టేసిన మనిషి గుర్రమెక్కి కౌంటీ కౌంటీకీ తిరుగుతూ నెలవారీ కూడికలు పెట్టించాడు. పేదల సాయం, పెళ్ళి రిజిస్టర్లు, జైళ్ళూ జప్తులూ లాంటి బాధల చిట్టా అన్నీ వాటి పని. ఓటింగు లేదు, అందరి మనసు ఎటు ఉందో చూసి గుమాస్తా రాస్తాడు. ఆడవాళ్ళకు వేరే కూడికలు. దీనికి లోపల వ్యతిరేకత బాగానే వచ్చింది. రోముకు పోయి పోపును మార్చబోయి పిచ్చాసుపత్రి పాలై తిరిగొచ్చిన జాన్ పెరట్, ప్రార్థనలో మాత్రం టోపీ తీయమని ఎందుకంటారు, ఆత్మ చెప్తే తీస్తాను, లేకపోతే తీయను అన్నాడు. ఫాక్స్ మొదట్లో చెప్పిన దానికి అది తిరుగులేని కొనసాగింపే. ఫాక్స్ మాత్రం అతన్ని దూరం పెట్టాడు. ఒక్కడికి వినిపించిన మాట కన్నా కూడికకు తోచింది పైది అని 1666లో పెద్దలు రాసేశారు. 1670ల్లో ఉత్తరాదిలోనే విల్కిన్సన్, స్టోరీ అనే పాత బోధకులు మళ్ళీ పాదిరీలను తయారుచేస్తున్నారని విడిపోయారు. వాళ్ళ బాధలో న్యాయం ఉంది. కానీ ఆ కట్టడి లేని గుంపుల్లో చాలావరకు ఆ శతాబ్దం చివర కనబడవు. క్వేకర్లు మాత్రం, అధికారిక చర్చికి బయట కూడికలు పెట్టుకోనిచ్చిన 1689 సహన చట్టం దాకా నిలిచారు.

1669లో ఫాక్స్, మార్గరెట్ ఫెల్ పెళ్ళి చేసుకున్నారు, ఆమె కూతుళ్ళందరినీ అడిగి, ఆస్తి మీద హక్కు నాకొద్దని అతను చెప్పాక. 1691లో అతను పోయాడు. ఆమె ఇంకో పదకొండేళ్ళు బతికింది, ఆ పదకొండేళ్ళలో చూసింది ఆమెకు నచ్చలేదు. కూడికల్లో పెద్దలు ఏ రంగు బట్ట కట్టాలో, ఎలాంటి టోపీ పెట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. 1700లో ఎనభై ఆరేళ్ళ వయసులో, అందరూ ఒకే రంగు ఒకే బట్ట వేసుకోవాలట, ఇదేం తెలివితక్కువ సువార్త అని రాసి పంపింది. 1702లో పోయింది. ఎవరూ వినలేదు, ఆ సాదా బట్టలూ వెడల్పు టోపీలూ ఇంకో నూటయాభై ఏళ్ళు నడిచాయి. 1877లో అమెరికాలో క్వేకర్లతో ఏ సంబంధమూ లేని ఒక ఓట్స్ మిల్లు తన సరుకు నిఖార్సయిందని చెప్పుకోవడానికి ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేసుకుంది కూడా ఆ వేషంలో ఉన్న మనిషి బొమ్మనే.